చొక్కా మీద పసుపు చేతులు

హనుమయ్య ఒకప్పుడు తెనాలి చుట్టుపక్కల కబడ్డీలో మొనగాడు. పట్టాడంటే ఉడుంపట్టే! ఆర్టీసీలో రిటైరై, అమెరికాలో, నేపర్‌విల్‌లోని కూతురు గిరిజ ఇంట కొన్నాళ్లు ఉందామని వచ్చిన ఆ పెద్దాయనకు, మనవడు ధృవ్ హైస్కూల్ జట్టులో చేతుల్తో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడని తెలిసింది. ఇంకేముంది, ఊరుకుంటాడా?

ధృవ్ లైన్‌మన్. బంతి విసిరే కుర్రాడి ముందు నిలబడి, మీదికొచ్చేవాళ్లను ఆపడం వాడి పని. "ఆపడమంటే పట్టుకోవడమేరా!" అంటూ పెరట్లో తన విద్యంతా నూరిపోశాడు తాత. శుక్రవారం మ్యాచ్‌లో మనవడు ఎదుటివాడి జెర్సీ ఒడిసిపట్టాడు. తాత ఈల వేశాడు. రిఫరీ తప్పంటూ పసుపు గుడ్డ విసిరాడు. జట్టు పది గజాలు వెనక్కి పోయింది! "ఇంకొక్కసారి పట్టుకున్నావంటే బెంచ్ మీదే," అనేశాడు కోచ్. మిగిలింది ధృవ్ హైస్కూల్ చదువులో ఆఖరి మ్యాచ్ ఒక్కటే.

"తాతయ్యా, మేము హోల్డ్ చేయకూడదు. పుష్ చేయొచ్చు, అంతే. బాల్ త్రో చేసేదాకా, ఆట మొదలైన లైన్ దాటి రెండు యార్డ్స్ కంటే ముందుకి వెళ్లకూడదు. క్యాచ్ కూడా మాకు లేదు," అన్నాడు వాడు మొహం వేలాడేసి.

"పట్టుకోకూడదు, ముందుకు పోకూడదు, బంతి అందుకోకూడదు! ఇదేం ఆటరా నాయనా!" అన్నాడే గాని, హనుమయ్య ప్రాణం చివుక్కుమంది. చెడగొట్టింది తను. బాగుచేయాల్సిందీ తనే.

మర్నాడు మనవడి అరచేతులకు తడి పసుపు పూసి, తెల్ల చొక్కా తొడుక్కుని ఎదురు నిలబడ్డాడు. నెట్టినప్పుడు చొక్కా మీద చాచిన చేతుల ముద్రలే పడాలి. గుడ్డ ముడతపడిందా, మళ్లీ మొదలు! "నాన్నా, ఆ మరకలు ఇక పోవు!" అని గిరిజ లబోదిబోమంది. వినేదెవరు?

ఆఖరి మ్యాచ్‌కి అందరూ ఎర్ర జెర్సీల్లో వస్తే, హనుమయ్య ఆ మరకల చొక్కాతోనే వెళ్లి కూర్చున్నాడు. ఇంకొక్క పాస్ అందితే గెలుపే. బంతి కదలగానే కొండలాంటి వాడొకడు ధృవ్ మీదికి దూకాడు.

"వేళ్లు చాపరా అయ్యా!" అని గొంతు చించుకున్నాడు తాత.

ధృవ్ గుప్పిలి మూయలేదు. గీత దాటలేదు. నిలబడ్డాడు, అబ్బ, ఏం నిలబడ్డాడు! జనం హోరెత్తారు. మైకులో విసిరినవాడి పేరూ అందుకున్నవాడి పేరూ మోగాయి. ధృవ్ పేరు ఎవరూ ఎత్తలేదు.

వాడు చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చాడు. "విన్ అయ్యాం తాతయ్యా! ఆ క్యాచ్ చూశావా?"

"క్యాచా? ఎవడు చూశాడ్రా! నేను నీ చేతులే చూస్తున్నా."

ధృవ్ హెల్మెట్ తీసి పక్కన పడేశాడు. "ఇప్పుడు హోల్డ్ చేయొచ్చా?" అని, ఆ చొక్కాను రెండు గుప్పిళ్లా పట్టుకుని తాతను కావలించుకున్నాడు.