నొప్పి లేదన్న మనిషి

మా ఆయన టైల్స్ మేస్త్రి. ఊళ్ళో సగం ఇళ్ళ నేలలు ఆయన మోకాళ్ళ మీద కూర్చుని పరిచినవే. తోటి పనివాళ్ళు 'లెవెల్ బాబాయ్' అంటారు. ఆయన పరిచిన నేల మీద గోళీ వేస్తే దొర్లకూడదు, అదీ పట్టుదల. ఆ పట్టుదలే మోకాళ్ళలో గుజ్జంతా అరగదీసింది. పొద్దున్నే మంచం దిగాలంటే నా భుజం కావాలి. కాంట్రాక్టరు ఫోన్ చేస్తే మాత్రం "నాకేంటి సార్, గుండ్రాయిలా ఉన్నాను" అంటారు. మోకాళ్ళు పోయిన మేస్త్రిని ఎవరూ పనికి పిలవరని భయం. ఆ భయం నాకు తెలుసు. తెలిసినా ఒళ్ళు మండుతుంది.

మోకాలి చిప్పలు మార్పిస్తే ఇక నేలమీద కూర్చునే పని మానుకోవాలన్నారు డాక్టర్లు. ఈలోగా పెద్దాసుపత్రిలో ఆయాగా చేస్తున్న మా ఆడపడుచు ఒక కబురు తెచ్చింది. అరిగిన గుజ్జును మళ్ళీ పెంచుతుందేమోనని అక్కడ కొత్త ఇంజెక్షన్ పరీక్షిస్తున్నారట. నొప్పి బాగా ఉన్నవాళ్ళనే తీసుకుంటారట. నయమవుతుందని ఎవరూ మాటివ్వలేదు. అయినా నాకు ప్రాణం లేచొచ్చింది. "ఉన్నదున్నట్టు చెప్పండి, మీకు దణ్ణం పెడతాను" అని దారి పొడవునా నూరిపోశాను. తలూపారు.

డాక్టరమ్మ గది ముందు వరండాలో నేల సగం తవ్వి ఉంది. పక్కన సిమెంటు బస్తాలు, టైల్స్ పెట్టెలు. ఆయన చూపు వాటి మీద పడగానే చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కెళ్ళాను.

"మెట్లెక్కేటప్పుడు నొప్పి ఎంతుంటుంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"అబ్బే, ఏం లేదమ్మా. చకచకా ఎక్కేస్తాను. బయట ఆ వరండా పని ఎవరికిచ్చారండీ?"

నేను ఊరుకోలేకపోయాను. "అబద్ధం మేడమ్! నిన్న బాత్రూంలో కూలబడి ఏడ్చారు."

"ఎక్స్‌రేలో అరుగుదల కనిపిస్తూనే ఉందమ్మా. కానీ నొప్పి సంగతి ఆయన నోటితోనే చెప్పాలి." ఆవిడ ఆయన వైపు తిరిగింది. "మళ్ళీ అడుగుతున్నాను. నొప్పి ఉందా, లేదా?"

ఆ మహానుభావుడు నవ్వాడు. "ఆడవాళ్ళకి అన్నిటికీ కంగారేనమ్మా."

"అయితే మిమ్మల్ని ఇందులో తీసుకోలేం. వరండా పని కూడా ఎప్పుడో వేరేవాళ్ళకి ఇచ్చేశారు" అంది డాక్టరమ్మ.

వరండా మలుపు దాకా ఆయన నిటారుగా నడిచారు. మలుపు తిరగ్గానే గోడ పట్టుకుని, బరువంతా నా భుజం మీద వేసి, "చచ్చిపోతున్నానే, కాస్త ఆగు" అన్నారు. అప్పటికే డాక్టరమ్మ గదిలోకి ఇంకొకరిని పిలిచారు.