పదికి రెండు

కరోనా తర్వాత కాలేజీలు తెరిచిన మరుసటి ఏడాది. బెంగుళూరు శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ల్యాబ్ అటెండర్‌ని. ఏడో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి, కాబట్టి కాబోయే ఇంజనీర్లకు కంప్యూటర్లు ఆన్ చేసిపెట్టే అర్హత నాకు నిండుగా ఉంది.

మిడ్‌టర్మ్, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష, ఆ ఏడాదే కంప్యూటర్ మీదికి మారింది. పది ఆబ్జెక్టివ్ ప్రశ్నలకు పదే మార్కులు, ఫైనల్లో కలవవు. సబ్మిట్ నొక్కగానే మార్కు తెర మీద కనబడుతుంది. మెకానిక్స్ సారు ముందే చెప్పాడు: "గుడ్డిగా కొట్టకండి. రానిది ఖాళీగా వదిలేయండి. మీకేం రాదో తెలిస్తే అదే మళ్ళీ చెబుతాను."

అందరూ తలూపి, గుడ్డిగానే కొట్టారు. భవ్య ఒక్కతే ఆ మాట నమ్మింది. పీణ్య ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసే ఆయన కూతురు. తెర మీద పదికి రెండు.

"ఏమ్మా, తక్కినవి దాచిపెట్టుకున్నావా?" అన్నాను.

నవ్వలేదు. "అన్నా, ఇది ఇంట్లో తెలుస్తాదా? మార్కులు రాకుంటే చదువు మానిపిచ్చి బొమ్మనహళ్ళి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పెడ్తానన్నాడు నాయన."

ఆమె అడిగేసరికే మెసేజ్ వెళ్ళిపోయింది. కొత్త సాఫ్ట్‌వేర్ ప్రతి మార్కునూ తండ్రి ఫోన్‌కు దానంతటదే పంపేస్తుంది. పరీక్ష చిన్నదని మాత్రం అందులో ఉండదు.

మర్నాడు భవ్య తండ్రి గ్రీజు మరకల చొక్కాతోనే ల్యాబ్‌కు వచ్చాడు. సారు కుర్చీ వేయించి చెప్పాడు.

"మీ అమ్మాయి చేసిందే కరెక్టండీ. రానిది రాదని ఒప్పుకుంది. మిగతావాళ్ళు ఊహించి కొట్టారు."

"అయితే ఆ మార్కు అబద్ధమా సార్?"

"అబద్ధం కాదు, కానీ..."

"రాదనేది నిజమే గదా మరి."

నేను మధ్యలో దూరాను. "ఇది ఊరికే ప్రాక్టీసప్పా. లెక్కలోకి రాదు."

"లెక్కలోకి రాందాన్ని నా ఫోన్‌కు ఏల పంపినారప్పా?"

గోడవార నిలబడ్డ భవ్య మెడలోంచి ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. తండ్రి వెనకే వెళ్ళిపోయింది, మళ్ళీ కాలేజీకి రాలేదు.

సారు మాట తప్పలేదు. ఆమె ఖాళీగా వదిలిన ప్రశ్నలన్నీ ఆ వారమే బోర్డు మీద మళ్ళీ చెప్పాడు. గుడ్డిగా కొట్టినవాళ్ళు రాసుకున్నారు.

పరీక్ష చిన్నదో పెద్దదో పెట్టినవాళ్ళు తేల్చేది కాదని, మార్కు చేరిన ఇంట్లో తేలుతుందని నాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు కొత్త బ్యాచ్ రాగానే, లాగిన్ కంటే ముందు అదే చెబుతాను. "ఈ పరీక్ష ఏందో ముందే ఇంట్లో చెప్పి రాండి. మీరు బస్సెక్కేలోపల మార్కు ఇల్లు చేరిపోతాది."

పిల్లలు పడీ పడీ నవ్వుతారు. జోకులేస్తానని నాకు పేరుంది మరి.