ఓదెలు గిటార్‌ను డొల్ల అన్నాను

పదమూడేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. రెండే అక్షరాలు. ఆ మాటను ఉద్యోగంలో కొన్ని వేలసార్లు నిజంగా అన్నాను, ఒక్కసారి అబద్ధంగా అన్నాను. ఆ ఒక్కసారి గురించే మీకు చెప్పాలి. మీరెవరో నాకు తెలియకపోవడం మేలే అయింది. తెలిసినవాళ్ళ ముందు నాకు పెద్దమనిషి వేషం అలవాటైపోయింది.

గోదావరిఖనిలో బొగ్గుగనిలో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరయ్యాను. సర్దార్ అంటే తన దగ్గర పనిచేసే మనుషుల ప్రాణాలకు పూచీ. షిఫ్టు మొదలుకాగానే చేతికర్రతో గని పైకప్పును తట్టి చూడాలి. ఖంగుమంటే గట్టిది. లోపల ఖాళీ ఉన్నట్టు బొదబొదమంటే డొల్ల, అంటే కూలబోతోందని. సర్దార్ డొల్ల అన్నాడంటే ఎందుకని ఎవరూ అడగరు. వెనక్కి జరుగుతారు.

ఆ చెవే నాకు గిటార్ల పిచ్చి కూడా పట్టించింది. వయసులో ఉన్నప్పుడు కాలనీ క్లబ్బు ఆర్కెస్ట్రాలో వాయించేవాణ్ణి. ఇప్పుడు ముందుగదిలో గోడకు ఏడు గిటార్లున్నాయి. ఎర్రది చూడటానికి పెళ్ళికూతురే, ఎండాకాలం వచ్చిందంటే మాత్రం మెడ వంగుతుంది. నల్లదానికి తీగలు మరీ ఎత్తు, గంట వాయిస్తే వేళ్ళు కమిలిపోతాయి. హైదరాబాద్ నుంచి ముచ్చటపడి తెచ్చుకున్నది సన్నతీగల మీద గాజులా పలుకుతుంది, లావుతీగల దగ్గరికొచ్చేసరికి జలుబు చేసినట్టుంటుంది. ఇట్లా ప్రతిదానికీ ఒక వంక చెప్పగలను. కిటికీ పక్కనున్న ఏడోదానికి తప్ప. ఏడోది ఓదెలు చేసింది.

ఓదెలు మా గనిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా కర్రదిమ్మెలు నిలబెట్టే పని. చెక్క పట్టుకుంటే దాని మనసు తెలిసినట్టుండేవాడు. ఒకసారి నేను కప్పు తట్టి, డొల్ల, జరుగు అన్నాను. అతను రెండడుగులు జరిగాడో లేదో, నిలబడ్డచోట మంచమంత బండ పడింది. ఆ రోజు నుంచి నా మాట అతనికి దేవుడి మాట. ఈ సంగతి మరిచిపోకండి. నేను చేసింది ఎంత పెద్ద తప్పో దీన్నిబట్టే తెలుస్తుంది.

అతను మా ఇంటికొచ్చినప్పుడల్లా గిటార్లను తిప్పితిప్పి చూసేవాడు. వాయించడం రాదు. లోపల బద్దలు ఎట్లా అతికారని అడిగేవాడు. తర్వాత తనే ఒకటి మొదలుపెట్టాడు. నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్ట్ గని కింద వాళ్ళ ఊరు పోయినప్పుడు ఇంటి టేకు తలుపు ఒక్కటి తెచ్చుకున్నాడు. దాంతో వెనక భాగమూ మెడా చేశాడు. ముందు పలకకు గనికి యంత్రాలొచ్చిన పెట్టెల దేవదారు చెక్క. రెండేళ్ళు పట్టింది.

ఒక ఆదివారం పొద్దున దాన్ని పాత దుప్పట్లో చుట్టి తెచ్చాడు. అప్పటికి వారం కిందటే నేను హైదరాబాద్‌ది తెచ్చి కాలనీ అంతా గొప్పలు చెప్పుకున్నాను. ఓదెలుదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక్క తీగ మీటాను. చాలు, తెలిసిపోయింది. ఆ లావుతీగ నాదం నా పొట్టలోకి దిగి అక్కడే తిరిగింది. నాదగ్గరున్నవన్నీ దాని ముందు దిగదుడుపే. అలవాటుకొద్దీ వేలి కణుపుతో వెనక పలక తట్టాను.

"ఎట్లున్నదే అన్నా?" అన్నాడు ఓదెలు.

"డొల్లున్నది ఓదెలూ."

"ఒక్క తావేనా, మొత్తమా?"

గనిలో ఎప్పుడూ అడిగే ప్రశ్నే అది. ఎన్ని దిమ్మెలు నిలబెట్టాలో తెలియడానికి అడుగుతాడు.

"మొత్తం," అన్నాను.

దుప్పటి దగ్గరికి లాక్కున్నాడు. "నువ్వు తట్టి చెప్పినంక ఇగ ఏమున్నదన్నా. గీడనే ఉండనియ్యి. ఇంట్ల పెట్టుకుంటే పానం గుంజుతది."

అసలు గిటార్ అంటేనే డొల్ల. లోపల ఖాళీ లేకపోతే అది పలకనే పలకదు. ఇంకెవరైనా అయితే ఆ మాటకు నవ్వి, ఏం పరాచికాలు అనేవారు. ఓదెలు నవ్వలేదు. ఆ మాట విని వెనక్కి జరగడం ఒక్కటే తెలిసినవాడు, జరిగాడు. దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత తలుపులు చేశాడు, బెంచీలు చేశాడు. గిటార్ మాత్రం ముట్టలేదు.

ఎందుకన్నాను? అసూయ అనేస్తే సులువుగా ఉంటుంది, నిజం కూడా. కానీ అంతేనా? కాలనీలో గిటార్ కొనాలనుకునే ప్రతివాడూ ముందు నాదగ్గరికే వచ్చేవాడు. వాయించడం కూడా రాని ఒక టింబర్‌మన్, పెట్టెచెక్కతో, నేను జన్మంతా వెతికినదాన్ని చేసి నా ఒళ్ళో పెడితే ఇక నేనెవణ్ణి? వారంలో నవ్వుతూ చెప్పేద్దాం, ఉత్తగన్నానురా అందాం అనుకున్నాను. వారం నెలయింది. ఒక్కో నెల గడిచేకొద్దీ అది పరాచికంగా చెప్పుకునే వీలు లేకుండా పోయింది.

ఇంకొకటి కూడా చేశాను. గిటార్ లోపల ఓదెలు పేరు రాసుకోలేదు, పెన్సిల్‌తో తన టోకెన్ నంబర్ వేసుకున్నాడు. గనిలోకి ఎవరు దిగారో, ఎవరు పైకొచ్చారో తెలిసేది ఆ నంబర్‌తోనే. నేను ఒక విరిగిన పాత గిటార్‌లోంచి కంపెనీ చీటీ ఊడదీసి సరిగ్గా దానిమీద అంటించాను. అడిగినవాళ్ళకు బయటిదేశం సరుకని చెప్పాను. వాళ్ళు మెచ్చుకున్నప్పుడు సిగ్గు లేకుండా సంతోషపడ్డాను.

అయితే గిటార్ ఊరుకోలేదు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా మా గోడలు అదురుతాయి. ఏడు గిటార్లూ వాటంతటవే సన్నగా మోగుతాయి. ఆరు వెంటనే ఆగిపోతాయి. ఓదెలుది ఇంకా మోగుతూనే ఉంటుంది. పదమూడేళ్ళుగా రోజూ అదే వింటున్నాను. మా ఆవిడ ఆ వేళకు నేను టీవీ సౌండ్ ఎందుకు పెంచుతానో ఇప్పటికీ అడుగుతుంది.

మొన్న దవాఖానలో షుగర్ గోలీల కోసం లైన్లో నిలబడితే ఓదెలు బిడ్డ కనబడింది. ఓదెలు కూడా రిటైరై కమాన్‌పూర్‌లో ఉంటున్నాడట, చేతులు ఇంకా బాగున్నాయట. మాటల్లో మాటగా ఆ పిల్ల ఒక సంగతి చెప్పింది. రెండో గిటార్ కోసమని అప్పట్లో కోసిపెట్టిన టేకు చెక్కను బాపు ఇప్పటికీ అటక మీద దాచాడట. ఏటా ఒకసారి దించి, తుడిచి, మళ్ళీ పెట్టేస్తాడట. ఎందుకో చెప్పడట. గోలీలు తీసుకోకుండానే ఇంటికొచ్చేశాను.

ఏడుపొచ్చింది. అందులో సంతోషం కూడా ఉందంటే నమ్ముతారా? చెక్క ఉంది. చేతులున్నాయి. నేను చెడగొట్టింది పూర్తిగా చెడలేదు.

ఇవాళ పొద్దున తడిగుడ్డతో ఆ చీటీని నానబెట్టి ఊడదీశాను. టార్చి వేసి చూశాను. కాస్త మసకేసినా నంబర్ అంతా ఉంది. రేపు గిటార్ తీసుకుని కమాన్‌పూర్ పోతున్నాను. ఓదెలు తిట్టొచ్చు. తలుపు తీయకపోవచ్చు. పోయిన పదమూడేళ్ళు నేనేం చేసినా తిరిగిరావు, క్షమించమని అడిగే మొహమూ నాకు లేదు. మాట వెనక్కి తీసుకోవడానికే పోతున్నాను.

ఇది రాస్తుండగానే బ్లాస్టింగ్ అయింది. ఈసారి టీవీ పెట్టలేదు. గిటార్ నా ఒళ్ళోనే ఉంది. గోడమీది ఆరూ ఆగిపోయాక కూడా అది నా పొట్టకు ఆనుకుని మోగుతూనే ఉంది. వేలి కణుపుతో తట్టి, ఎవరూ లేని గదిలో పైకే అన్నాను.

"గట్టిగున్నది ఓదెలూ. మొత్తం."