సమోసాల పాలైన గాడిద

మస్కట్‌లో ఒక ఐర్లండ్ పెద్దమనిషి నెలల తరబడి నడుం వంచి చేసిన పనిని నేను ఒక్క పూటలో సమోసాల పాలు చేశాను. పైగా ఎంతో మంచి పని చేశానని ఊరికే వచ్చిన టీ కూడా తాగాను. ఇప్పుడు నన్ను చూస్తే మా మనవలు హడలిపోతారు. సబ్బు అరిగి బిళ్లయితే కొత్త సబ్బుకి అంటిస్తాను, పంచదార డబ్బాని వేడినీళ్లతో కడిగి ఆ నీళ్లు టీలో పోస్తాను. ఇంత జాగ్రత్తపరురాలు అంత పని ఎలా చేసిందని అడుగుతారేమో. జాగ్రత్త వల్లే చేసింది. వినండి. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. కాస్త అనుకుంటాను.

గల్ఫు యుద్ధం సద్దుమణిగిన కొన్నేళ్లకి, కోనసీమ నుంచి ఇంటిపనికి వెళ్లాను. మస్కట్‌లోనే వాడి కబీర్ అనే పేటలో కంపెనీ ఫ్లాటులో ఉండే ఫెర్గస్ సారు దగ్గర కుదిరాను. మనిషి ఖర్జూరం చెట్టంత పొడుగు. ఎండలోకి వెళ్లొస్తే ఉడికిన రొయ్యలా ఎర్రబడేవాడు. నా పేరు మరియమ్మ అయితే ఆయన మేరీ అని పిలిచేవాడు. ఆయనేం ఉద్యోగం చేస్తాడో నాకు చెప్పింది కంపెనీ డ్రైవరు మస్తాను. మస్తానుది కడప. వాళ్ల రూమ్‌లో దక్కనీ ఉర్దూ, నాతో తెలుగు, సారుతో ఇంగ్లీషు, పోలీసులతో అరబ్బీ మాట్లాడేవాడు.

"సారు డైరెక్టరక్కా."

"డైరెక్టరంటే హీరోయిన్లుండాలి కదా మస్తానూ? ఈయన దగ్గర గాడిద బొమ్మలు తప్ప ఏమీ లేవే?"

"బొమ్మల సినిమాక్కా. గాడిదే హీరోయిన్."

సరేలే అనుకున్నాను. బొమ్మల సినిమా అంటే ఒక మంచి బొమ్మ వేసి మిషనులో పెడితే అదే నడుచుకుంటూ పోతుందని నా లెక్క. నేను చదివింది మూడో తరగతి. అందులోనూ సగం రోజులు మా చెల్లెల్ని చంకనేసుకుని గుమ్మంలో నిలబడ్డాను.

కానీ ఆ సారుని చూస్తే జాలేసేది. రోజూ అదే గాడిద. అదే ఖర్జూరాల బస్తా. ఒక కాగితం మీద కాలు ఇటుంటే ఇంకో కాగితం మీద వెంట్రుకవాసి అటు ఉండేది. పాపం, ఎన్నిసార్లు వేసినా కుదరడం లేదనుకున్నాను. మూలన నంబర్లు కూడా వేసుకునేవాడు. తనకి తనే మార్కులు వేసుకుంటున్నాడని అర్థమైంది. మార్కులు రోజురోజుకీ పెరుగుతుంటే పోన్లే, చెయ్యి తిరుగుతోందని సంతోషించాను.

ఒకరోజు సారు అల్ సువైక్ అనే ఊరి తోటల్లో అసలు గాడిదల్ని చూడ్డానికి మస్తానుతో వెళ్తూ, "మేరీ, రూమ్ క్లీన్. టేబుల్ నో టచ్" అన్నాడు.

దేవుడి సాక్షిగా చెబుతున్నాను, టేబుల్ ముట్టుకోలేదు. బొమ్మల కట్టలున్నది అలమరలో.

అన్నీ కింద పరిచి, అందరికంటే ఎక్కువ మార్కులొచ్చిన గాడిదని తీశాను. నాలుగు కాళ్లూ నేలమీద ఆనించి బుద్ధిగా నిలబడింది. దాన్ని అన్నం మెతుకులతో గోడకి అంటించాను. మిగిలిన ఫెయిలైన గాడిదల్ని ఏం చెయ్యను? పారేసే మనిషినా నేను? శుభలేఖ వేసుకునేంత మంచి కాగితం. మేడ కింద చాయ్ కొట్టు నడిపే మలయాళీ కోయా సమోసాలకి పాత అరబ్బీ పేపర్లు చుట్టి ఇచ్చేవాడు, సిరా వేళ్లకి అంటేది. మోసుకెళ్లి ఇచ్చాను. ఇందాక చెప్పిన టీ అతను పోసిందే.

సాయంత్రం సారు వచ్చాడు. గోడకేసి చూశాడు.

"మేరీ... డాంకీ?"

"గుడ్ డాంకీ సర్!" అన్నాను గర్వంగా. "బ్యాడ్ డాంకీ, ఆల్ ఫినిష్!"

సారు అలమర తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. ఆ తర్వాత అక్కడే నేలమీద కూలబడ్డాడు. అరిచినా బాగుండేది, మా ఇంట్లో అరుపులు నాకు అలవాటే. నేలమీద కూలబడ్డ తెల్లవాడిని అదే మొదటిసారి చూడ్డం.

"ఏం జేసినావక్కా?" అన్నాడు మస్తాను.

"శుభ్రం చేశాను."

"కట్టలేడ?"

"కోయా కొట్టుకిచ్చాను."

"యా అల్లా! అవి మార్కులు గాదక్కా, వరస! ఒకదాని తర్వాత ఒకటి గిరగిరా తిప్పితేనే అది నడిచేది! అన్నీ కలిపే ఒక గాడిద!"

 మస్తాను ఇంకా ఆపలేదు. శనివారం బొమ్మలన్నీ కెమెరా దగ్గరికి వెళ్లాలట. వెళ్లకపోతే అర్బాబు, అదే కంపెనీ యజమాని, సినిమా ఆపేసి సారుకి టిక్కెట్టు కొనిస్తానన్నాడట. సారు వెళ్తే నా వీసా కూడా వెళ్లినట్టే.

ముగ్గురం కిందకి పరుగెత్తాం. కోయా దగ్గర సగమే మిగిలింది. మిగతా సగం సమోసాలు చుట్టుకుని చుట్టుపక్కల కార్ల వర్క్‌షాపులకి వెళ్లిపోయింది. మస్తాను ప్రతి మెకానిక్కు దగ్గరికీ వెళ్లి, "భాయ్, ఆప్ కా గధా వాపస్ దో" అంటూ గాడిదని తిరిగిమ్మని అడగడం, అవతలివాడు తననే గాడిద అన్నాడని స్పానరు ఎత్తడం. ఒక పఠాను మాత్రం తన గాడిదని గోడకి అంటించుకున్నాడు, ఇవ్వనన్నాడు. "నచ్చింది" అన్నాడు. ఆ అవస్థలోనూ సారు మొహం ఒక్క క్షణం వెలిగింది. డైరెక్టర్లంతా అంతే కాబోలు.

నూనె కాగితాల్ని బట్టల తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేశాను. మొహానికి రాసుకునే పౌడరు చల్లి నూనె పీల్చాను. నా పౌడరే! సారు ఒక కాగితం మీద ఇంకోటి పెట్టి దీపానికి ఎత్తి చూసి, ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టాడు. పిచ్చెక్కిందనుకున్నాను.

"ఏంటి మస్తానూ?"

"కిందిబొమ్మ పైకి కనబడాలని మామూలుగా గాజుబల్ల కింద లైటేసుకుంటారంట. నూనెకి వాటంతటవే కనబడతాండాయంట."

"చూశావా, నేను చేసిందాంట్లో మేలు కూడా ఉంది."

"నువ్వు మాట్లాడకుంటే మేలక్కా."

ఆ నవ్వులోనే సారు తన కథ చెప్పాడు, మస్తాను నాకు తెలుగులో చెప్పాడు. వాళ్ల ఊళ్లో బురదమట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో కట్టెల బదులు కాలుస్తారట. ఆ ఇటుకలు మోసే గాడిద వాళ్లింట్లో ఉండేది. దాన్ని బొగ్గుతో గోడ మీద గీసి, వాళ్లమ్మ చేత చీపురు దెబ్బలు తిన్నాడు. పెద్దయ్యాక డబ్లిన్‌లో ఒక పెద్ద బొమ్మల సినిమా కంపెనీలో చేరాడు. అక్కడ ప్రతి కదలికకీ మొదటి బొమ్మ, చివరి బొమ్మ పెద్ద ఆర్టిస్టులు వేసేవారు. మధ్య బొమ్మలన్నీ ఈయన. ఏళ్ల తరబడి మధ్య బొమ్మలే. ఆఖరికి ఆ కంపెనీ మూతపడింది. ఇంతదూరం వచ్చి, తన పేరు ముందుగా పడే మొదటి సినిమా ఇదేనట.

అలాంటి మధ్య బొమ్మలనే నేను ఫెయిల్ చేశాను. ఆ మాట వింటుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లెక్క చూస్తే గాడిద కొండెక్కుతూ వెనక్కి తిరిగి చూసే ముక్క మొత్తం పోయింది. మళ్లీ వేయాలంటే ఎదురుగా నడిచేదేదో ఉండాలి. సువైక్ వెళ్లే టైము లేదు. సారు నన్ను ఎగాదిగా చూశాడు.

"మేరీ," అన్నాడు, "వాక్."

బియ్యం బస్తా తెచ్చి నా వీపు మీద పెట్టారు. నేను హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి వంగి నడవడం, ఆయన గీయడం. నా కుడి మోకాలు చిన్నప్పటి నుంచీ పక్కకి విసురుతుంది. మధ్యలో మస్తాను కిసుక్కుమంటే ఆగి, మెడ తిప్పి ఉరిమి చూశాను. "గుడ్! వెరీ గుడ్!" అని సారు గంతేశాడు.

సినిమా పూర్తయ్యాక కంపెనీ హాల్లో వేశారు. మా చర్చికి వచ్చే నర్సులందరినీ నేనే పిలిచాను. తెర మీద ఆయన పేరు ముందుగా పడింది. సారు ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత గాడిద వచ్చింది. కొండ దాకా మామూలుగానే నడిచింది. కొండెక్కుతూ కుడికాలు పక్కకి విసిరింది. ఆగింది. మెడ తిప్పి, కుళాయి కట్టకుండా వచ్చినవాళ్లని చూసినట్టు చూసింది.

"మరియక్కా! నువ్వే!" అని మస్తాను అరిచాడు. నర్సులు కుర్చీల్లోంచి జారిపోయారు. అర్బాబు కడుపు పట్టుకుని నవ్వి, సారుకి ఇంకో సినిమా ఇచ్చాడు.

అక్కడితో పోయిందనుకున్నాను. మొన్న మా మనవడు కంప్యూటర్లో ఏదో బొమ్మల సినిమా పెట్టాడు.

"అమ్మమ్మా, ఈ రాణి నీలాగే నడుస్తోందేంటి?"

చివర్లో పేరు చదివించాను. ఆయనే! తన దేశం వెళ్లి చాలా సినిమాలు తీశాడట. అన్నీ వేయించుకుని చూశాను. ఆవు, మంత్రగత్తె, గడ్డం పాదిరి. ఒక్కరికీ కుడి మోకాలు బాగోలేదు.

నిన్న మనవడు ఫోను నా చేతిలో పెట్టాడు. "ఒకే ఫొటో చాలా తీశానమ్మమ్మా. మంచిది ఉంచి మిగతావి తీసెయ్."

ఫోను నేలమీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాను. ఇంటిల్లిపాదినీ పిలిచి, వంటింటి దీపం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: ఒకేలా ఉన్నవాటిలో మంచిదేదో తేల్చే పని ఈ జన్మలో మళ్లీ చెయ్యను. చేస్తే ఈసారి నా చేత ఏ జంతువు నడక నడిపిస్తారో, అసలే ఎడమ మోకాలు కూడా మొదలైంది.