ఒక్కసారి నొక్కితే కాదని

ఆగస్టు 19, మంగళవారం. కద్మా, జంషెడ్‌పూర్. మేడమీది గది.

హాజరు: మంచం మీద ఆపరేటరు. అతని భార్య. పగటి షిఫ్టు ముగించుకుని వచ్చిన కొడుకు. రేడియో మెకానిక్, అంటే నేను.

నా డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. పేర్లు రాయలేదు. సరిహద్దు పోస్టులో ఒకరినొకరు పని పేరుతోనే పిలుచుకునేవాళ్ళం. ఆ అలవాటు పోలేదు.

సైన్యంలో చేసిన డ్యూటీల గురించి చెప్పమని మా వీధిలో వాళ్ళు అడుగుతుంటారు. మంచు గురించి, తుపాకుల గురించి వినాలని వాళ్ళకి ఉంటుంది. నాకు చెప్పాలనిపించేది మాత్రం ఈ ఒక్క డ్యూటీయే. యూనిఫాం లేదు. రిటైరై చాలా ఏళ్ళయింది. ఆర్డరు ఫోనులో, ఆపరేటరు భార్య నుంచి వచ్చింది.

"అన్నయ్యా, మీ స్నేహితుడు ఏటి చెప్తన్నాడో మాకు తెల్డం లేదు. కంప్యూటరు తప్పులు చూపిత్తంది. శుక్రవారం పొద్దున్న డాక్టరు వత్తాడు. ఈలోగా మీరొచ్చి బాగుచేసీయండి."

టాటానగర్‌లో దిగేసరికి వాన. ఆటోలో కద్మా చేరేదాకా తగ్గలేదు. ఖర్కాయి నది ఎర్రగా, గట్ల దాకా నిండి ఉంది. వెంట తెచ్చుకున్నవి: చిన్న స్క్రూడ్రైవర్ల సంచి, మల్టీమీటరు, టార్చి, ఇన్సులేషన్ టేపు, ట్రాన్సిస్టరు రేడియో, డైరీ, రెండు జతల బట్టలు.

గది తూర్పు ముఖం. ఒకే కిటికీ. కిటికీ పక్కన ఆసుపత్రి మంచం, దానికి నాలుగడుగుల దూరంలో బల్ల, బల్ల మీద కంప్యూటరు తెర. కంప్యూటరు డబ్బా బల్ల కింద గోడకి ఆనించి ఉంది. దాని వెనక ఏ వైరు ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. ఇంకో మూల ఇనప బీరువా. కఫం లాగే మిషను. బయట వసారాలో ఇన్వర్టరు.

ఆపరేటరుది నరాల జబ్బు. రెండేళ్ళుగా ఒక్కొక్క కండరమే పని మానేస్తూ వచ్చింది. కాళ్ళు, చేతులు, నాలుక. రెప్పలు వాటంతటవే కొట్టుకుంటాయి కాబట్టి వాటిని నమ్మలేం. మిగిలింది కుడి బొటనవేలు. బుర్ర మాత్రం ఎప్పటిలాగే ఉందని డాక్టరు చెప్పాడు.

వేలి కింద వైర్‌లెస్ మౌస్ పెట్టారు. తెర మీద గళ్ళలో అక్షరాలుంటాయి. ఒక వెలుగు గడి గడికీ ఆగుతూ నడుస్తుంది. కావలసిన అక్షరం మీదికి వచ్చినప్పుడు వేలు నొక్కాలి. అలా కూర్చుకున్నదే మాట. నొక్కు అందకపోతే వెలుగు దాటిపోతుంది. ఆలస్యంగా అందితే పక్క అక్షరం పడుతుంది. కొన్ని వారాలుగా జరుగుతున్నది అదే. నీళ్ళు అడిగితే ఏమడిగాడో తెలియక టీవీ పెట్టారు.

వైరున్న మౌస్ ముందే పెట్టి చూశారు. దాని బటన్ బిగువు. అతని వేలికి దిగలేదు.

శుక్రవారం డాక్టరు వచ్చేది ఒక ప్రశ్న అడగడానికి. ఊపిరి తగ్గిపోతోంది. గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టి, మిషనుతో ఊపిరి ఆడించాలా, వద్దా. పెడితే బతుకుతాడు, ఇలాగే. ఆ వేలు కూడా పోతుంది, ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు. పెట్టకపోతే ఎక్కువ రోజులు లేవు. కిందటి వారం అడిగినప్పుడు తెర మీద 'వద్దు' లాంటిది పడింది. దాని వెనక అర్థంలేని అక్షరాలు వరసగా.

"వద్దని ఎందుకంటాడన్నయ్యా? అది మిషను తప్పు," అంది అతని భార్య. "మీరు లైను బాగుచేసీండి. అప్పుడు తెలుస్తాది."

కొడుకు నాతో వసారాలోకి వచ్చాడు. చిన్నప్పట్నించీ తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేవాడు, ఇప్పుడూ అంతే.

"అంకుల్, పాపా జో బోలేంగే, వహీ హోగా. బస్ సాఫ్ సాఫ్ బోల్ దేఁ."

నాన్న ఏది చెబితే అదే, స్పష్టంగా చెబితే చాలు అన్నాడు. ఆ మాట తను చెప్పాల్సి వస్తుందేమోనని వాడి భయం.

ఆపరేటరు ఎవరో ఇక్కడ చెప్పాలి. ఉత్తరాన ఎత్తులో ఒక పోస్టులో నేనూ అతనూ ఒక శీతాకాలమంతా ఉన్నాం. వైర్‌లెస్ సెట్టు బతికించడం నా పని, మాట్లాడటం అతని పని. రాత్రుళ్ళు ముందుకి పోయి పొంచి కూర్చునే డ్యూటీ అతనిదే. అక్కడ నోరు విప్పకూడదని ఆర్డరు. మేం ఇక్కడినుంచి మెల్లగా అడిగేవాళ్ళం. అతను సెట్టు బటన్ నొక్కేవాడు. రెండుసార్లు నొక్కితే అవునని. ఒక్కసారి నొక్కితే కాదని. ఆ టిక్కు శబ్దం కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేవాడిని.

ఇంకో నియమం కూడా ఉండేది. విన్నది విన్నట్టు పైకి చదివి వినిపించాలి. మన మాట ఒక్కటి కూడా కలపకూడదు. సందేశం నచ్చినా, నచ్చకపోయినా.

మంగళవారం సాయంత్రం ట్రాన్సిస్టరు పట్టుకుని గదంతా తిరిగాను. మా రోజుల్లో సిగ్నల్‌ని చెడగొట్టే గోల ఎక్కడుందో రేడియోయే చెప్పేది. దగ్గరికి పోతే గరగర పెరిగేది. ఇక్కడ గరగర బోలెడు వినిపించింది, కానీ అది ఇన్వర్టరుది. ఈ మౌస్ పనిచేసే ఫ్రీక్వెన్సీలో నా రేడియోకి చెవులు లేవు. ఆ సంగతి తెలిసీ తెచ్చాను. చేతికి వేరే ఏదీ అలవాటు లేదు.

"పెద్ద మెకానిక్కని రప్పించుకుంటే పాటలు వింటన్నాడు," అంది ఆమె వంటింట్లోంచి. ఆపరేటరు కళ్ళు నావైపు తిరిగాయి. నవ్వే కండరాలు లేవు అతనికి. కళ్ళు మాత్రం కాసేపు నామీదే ఉన్నాయి.

బుధవారం పొద్దుటినుంచి ఒక్కొక్కటే ఆపాను. కంప్యూటరు డబ్బా మీద కూర్చున్న వైఫై పెట్టెని కింద హాల్లోకి పంపించాను. కొంచెం నయం. ఇన్వర్టరు ఆపాను. తేడా లేదు. వంటింట్లో మైక్రోవేవ్ ఆపించాను. తేడా లేదు. కఫం మిషను ఎక్కువసేపు ఆపలేం. ఆపినంతసేపూ ఆమె గడప దగ్గర నిలబడి ఉంది. తేడా లేదు. మౌస్‌కి కొత్త సెల్లు వేశాను. బీరువాని కొడుకూ నేనూ పక్కకి జరిపాం. మధ్యాహ్నానికి నా నడుం పట్టేసింది. వాన పడుతూనే ఉంది. ఏం చేయాలో తోచలేదు. పోస్టులో అయితే ఇంకో సెట్టు తెప్పించేవాళ్ళం.

సాయంత్రం ఆమె దీపం పెట్టి వచ్చి, మంచం పక్కన కుర్చీలో కూర్చుని, కంప్యూటరులో ఏదో నొక్కింది.

"ఏటే, ఆ కిటికీ ముయ్యవేటి? వాన్నీళ్ళన్నీ నా మీదే పడతన్నాయి."

ఉలిక్కిపడ్డాను. అది ఆపరేటరు గొంతు. మంచం వైపు చూశాను. అతను కదలకుండా ఉన్నాడు. గొంతు కంప్యూటరులోంచి వస్తోంది.

"మాట పోతాదని డాక్టరు ముందే చెప్పీసాడన్నయ్యా," అంది ఆమె. "అప్పుడు మావోడు ఫోనులో పట్టి దాచాడు. తిట్టినవీ, కూరలు బేరమాడినవీ, అన్నీ ఉన్నాయి. రోజూ కాసేపు వింటాను. ఆయన కూడా వింటాడు."

"ఎందులో దాచాడమ్మా?"

"నల్ల డబ్బా ఒకటుంది. ఎనకాల ఎక్కడో తగిలించాడు. అదెప్పుడూ తీయడం లేదు."

గొంతు సాగుతోంది. వంకాయలు ముదిరిపోయాయని ఎవరినో దెబ్బలాడుతోంది. నేను ఆపరేటరు వేలి వైపు చూశాను. వేలు దిగుతోంది, లేస్తోంది. తెర మీద వెలుగు ఆగకుండా నడిచిపోతోంది. ఒక్క అక్షరమూ పడటం లేదు. ఏదో చెబుతున్నాడు. ఎంతసేపటినుంచి చెబుతున్నాడో.

టార్చి పట్టుకుని బల్ల కింద దూరాను. కంప్యూటరు డబ్బా వెనక నీలం రంగు పోర్టు. అందులో ఆమె చెప్పిన నల్ల డబ్బా వైరు, అది హార్డ్ డిస్క్. దానికి ఆనుకుని పక్క పోర్టులో మౌస్ నొక్కుల్ని అందుకునే రిసీవరు, గోరంత ముక్క. ఆ నీలం పోర్టులో డిస్కు తిరిగినప్పుడల్లా సరిగ్గా మౌస్ మాట్లాడే ఫ్రీక్వెన్సీ మీదే గోల పుడుతుంది. ఇనప డబ్బా వెనక, గోడకి అతుక్కుని, ఆ గోల పక్కనే కూర్చున్న రిసీవరుకి నాలుగడుగుల దూరంలోని నొక్కు ఎలా వినిపిస్తుంది?

గురువారం కద్మా మార్కెట్లో పొడుగు యూఎస్‌బీ వైరు కొన్నాను. రిసీవరుని ఆ వైరు చివర పెట్టి, మంచం కడ్డీకి, అతని చేతికి జానెడు దూరంలో టేపుతో కట్టాను. డిస్కుని ఉన్నచోటే ఉంచాను. ఆమెని పిలిచి చూపించాను.

"ఇదిగో, ఈ ముక్క ఇక్కడున్నంతసేపూ ఇబ్బంది లేదు. మీరు ఆయన పాత మాటలూ వినొచ్చు, కొత్త మాటలూ వినొచ్చు. దీన్ని తీసి మళ్ళీ వెనక ఆ డిస్కు పక్కన పెడితే పాత కథే."

"అంతేనా?" అంది. "ఇంత ముక్కకా ఇన్నాళ్ళు?"

ఆపరేటరు నొక్కడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం చోటు తప్పకుండా పడింది. మొదటి మాట: 'టీలో పంచదార లేదు.' ముక్కు గొట్టంలో పోసే టీ. అతనికి రుచి తెలియదు. ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రెండో మాట నాకు: 'ముసలోడివైపోయావు.' నేను పైకి చదివాను. "నువ్వు కుర్రాడివి మరి," అన్నాను. ఆ గంటసేపూ ఆ గది పోస్టులాగే ఉంది. దాని గురించి డైరీలో ఎక్కువ రాయలేదు.

తర్వాత ఆమె అడిగింది. డాక్టరు కోసం ఆగలేకపోయింది.

"గొట్టం పెట్టిద్దామా? సరే అనండి. నేనున్నాను కదా."

వెలుగు నడిచింది. వేలు దిగింది. 'వద్దు.'

"లైను సరిగ్గా ఉందా అన్నయ్యా?"

"ఉందమ్మా."

"ఇంకోపాలి అడగండి."

అడిగాను. 'వద్దు. చాలు.' నియమం ప్రకారం పైకి చదివాను. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుక్కరు కూత పెడుతూనే ఉంది, ఎవరూ దించలేదు. కొడుకు షిఫ్టునించి వచ్చి తెర చూసి, బూట్లు విప్పకుండానే నేల మీద కూర్చున్నాడు.

"క్లియర్ హై న, అంకుల్?"

"క్లియర్."

మర్నాడు పొద్దున్న అతని గొంతు వినిపించి మెలకువ వచ్చింది. "నా కళ్ళజోడు ఎక్కడెట్టీసేవే?" గదిలోకి వెళ్ళాను. ఆమె కుర్చీలో కూర్చుని వింటోంది. మంచం కడ్డీ మీద టేపు లేదు. కొన్న వైరు చుట్టగా చుట్టి, దారంతో కట్టి, బీరువా మీద పెట్టి ఉంది. వంగి చూశాను. రిసీవరు డబ్బా వెనక, డిస్కు పక్కన ఉంది.

"చెల్లెమ్మా, అది అక్కడుంటే..."

"తెలుసన్నయ్యా," అంది. తల తిప్పలేదు. "మీరే కదా చూపించారు. ఈ ఒక్కపూట వదిలీయండి."

ఆపరేటరు మేలుకునే ఉన్నాడు. ఆమె ఆ వైరు విప్పినప్పుడు కూడా మేలుకునే ఉండి ఉంటాడు. కళ్ళు ఆమె మీద ఉన్నాయి.

తొమ్మిదింటికి డాక్టరు వచ్చాడు. మంచం పక్కన నిలబడి ప్రశ్న అడిగాడు. వేలు నొక్కింది. తెర మీద అడ్డదిడ్డంగా అక్షరాలు పడ్డాయి. ఆమె నేల చూస్తోంది.

"కల్ తో సహీ థా," అన్నాడు కొడుకు. నిన్న బాగానే ఉందని.

బీరువా మీది వైరు తీశాను. లైను నిలబెట్టడం నా పని. లైను మీద ఏం వస్తుందన్నది నా పని కాదు. రిసీవరుని మళ్ళీ మంచం కడ్డీకి కట్టాను. ఆమె నన్ను ఆపలేదు. తనే లేచి ఆ గొంతు ఆపేసింది.

డాక్టరు మళ్ళీ అడిగాడు. ఆపరేటరు తెర చూడలేదు. ఆమెనే చూస్తున్నాడు. వెలుగు గళ్ళన్నీ తిరిగి మొదటికి వచ్చింది. మళ్ళీ తిరిగింది. నొక్కలేదు. అప్పుడు కళ్ళు తెర మీదికి తిప్పి నొక్కడం మొదలుపెట్టాడు. ఒక్క అక్షరమూ తప్పు పడలేదు.

"ఏం రాశారు?" అన్నాడు డాక్టరు. ఆయనకి తెలుగు చదవడం రాదు, హిందీలో అడిగాడు.

విన్నది విన్నట్టు. మన మాట కలపకూడదు.

"పెట్టండి," అని ముందు తెలుగులో చదివాను. తర్వాత హిందీలో చెప్పాను.

ఆమె అతని పాదాలు పట్టుకుని ఏడ్చింది. కొడుకు డాక్టరుతో ఆసుపత్రిలో మంచం గురించి, అంబులెన్సు గురించి మాట్లాడుతున్నాడు. నాడి చూడటానికి డాక్టరు అతని చేతి కిందనుంచి మౌస్ తీసి పక్కన పెట్టాడు. నేను మంచానికి అటువైపు ఉన్నాను. ఆ చేతిని చూస్తున్నది నేనొక్కడినే.

ఆ మధ్యాహ్నమే బండెక్కాను. స్టేషను దాకా కొడుకు దిగబెట్టాడు. గొట్టం పెట్టారని తర్వాత ఫోను వచ్చింది. వేలు కూడా పోయిందని ఆ తర్వాత. రోజూ సాయంత్రం ఆ గొంతు పెడుతూనే ఉందట.

కండరాలు చచ్చేముందు వాటంతటవే అదురుతాయని డాక్టరు చెప్పాడు. పుస్తకంలోనూ చదివాను. కాదనను.

ఆ శుక్రవారం డాక్టరు మౌస్ తీసేశాక, తెల్ల దుప్పటి మీద, కింద ఏ బటనూ లేకుండా, బొటనవేలు ఒక్కసారి దిగింది. ఆగింది. మళ్ళీ ఒక్కసారి.