నాలుక మీది మత్తు

ఆటో నడుపుకునే నాకు పెళ్లి ఖాయమైన నెలలోనే గద్వాల దవాఖానలో టాన్సిల్స్ తీశారు. మెలకువ వచ్చాక నొప్పి తెలియకుండా నర్సు గొంతులో మందు కొట్టింది. నాలుక కట్టెలా మొద్దుబారింది. సరిగ్గా అప్పుడే ధరూర్ నుంచి కాబోయే మామ నన్ను చూడటానికి వచ్చాడు.

"నమస్తే మామా" అనబోతే "నమత్తే మామ్మా" అని వచ్చింది, వెంట చొంగ కూడా.

ఆయన మొహం మాడిపోయింది. పక్క మంచం సర్దుతున్న నర్సు, "మత్తు ఇంక దిగలే" అంది.

"దవాఖానల గూడ తాగిండా! గీ తాగుబోతుకా నా బిడ్డనిచ్చేది?" అని మామ లేచాడు.

"అన్నా, వాడు చుక్క ముట్టడే!" అంటూ మా అమ్మ లబోదిబోమంది. కాదని చెప్పేకొద్దీ నా మాట మరింత తూలింది.

గొడవ విని వచ్చిన డాక్టరుగారు నవ్వి, "ఇది మందు మత్తే, మీరే చూడండి" అంటూ అదే మందు మామ నాలుక మీదా కాస్త కొట్టారు. కాసేపటికి మామ ఇంటికి ఫోన్ చేసి, "పిల్లగాడు మంతోడే" అన్నాడు ముద్దముద్దగా.

"పొద్దుగాల్నే తాగినవా?" అని అత్తమ్మ అరిచిన అరుపు వార్డంతా వినిపించింది.

మామ గాబరాగా ఫోన్ నా చేతిలో పెట్టాడు. "నువ్వన్న జెప్పు అల్లుడా!"

చెప్పాను.

పెళ్లయితే జరిగింది గానీ, ఇప్పటికీ మామా నేనూ కలిసి ఇంటికొస్తే అత్తమ్మ మా నోళ్లు వాసన చూశాకే అన్నం పెడుతుంది.