సీసం, సీసా

మా నాన్నతో సీసం గురించి వాదించి వాదించి నాకు విసుగొచ్చేసింది. ఈ హిందీ ఊళ్లో రైల్వే లోకో షెడ్డు నుంచి రిటైరయ్యాక ఆయనకు మిగిలిన సరదా ఒక్కటే, విసురువల. ఆదివారం వస్తే బస్సెక్కి రతన్‌పూర్ చెరువులకు పోయేవాడు. వల అంచుకు కట్టే గుండ్లు బజార్లో కొనడం ఆయనకు నామోషీ. పాత బ్యాటరీల సీసం తెచ్చి, దయాల్‌బంద్‌లో మా పుట్టింటి పొయ్యి మీదే ఇనపగరిటెలో కరిగించి పోసుకునేవాడు.

వేటగాళ్లు కాల్చిన సీసపు గుండ్లు నీళ్లలో పడితే బాతులు రాళ్లనుకుని మింగి చస్తాయనీ, ఉక్కు గుండ్లు వాడాలా వద్దా అని కొన్ని దేశాల్లో పెద్ద గొడవే నడుస్తోందనీ ఎక్కడో చదివాను. వల నుంచి ఊడిపోయే గుండ్ల సంగతీ అంతే కదా, ఇనుముకు మారిపొమ్మన్నాను.

"ఇనుం గుండ్లకి వల ఇచ్చుకోదే. తుప్పట్టి తాడు కూడా తినీస్తాది. అయినా నాను బాతుల్ని కొడతన్నానేటి?" అనేవాడు. దేశాలు తేల్చుకోలేనిది నేనేం తేలుస్తాను? ఊరుకున్నాను.

పోయిన ఏడాది ఆయనకు కడుపునొప్పి పట్టుకుంది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోసాగింది. నాకు బ్యాంకులో సెలవు దొరక్క అమ్మే తీసుకెళ్లింది. నాన్నను బయట బెంచీ మీద ఉంచి డాక్టరు, హిందీ అంతంతమాత్రం వచ్చిన ఆమెతోనే హిందీలో మాట్లాడాడట. సాయంత్రం రాజ్‌కిశోర్ నగర్‌లోని నేను కాపురముంటున్న ఇంటి నుంచి ఫోన్ చేస్తే ఏడుపు గొంతుతో చెప్పింది.

"రగతంలో సీసా ఉందట్నే. ఇంట్లో సీసా బందు సెయ్యమన్నాడు డాక్టరు. నానేటి సెప్పను, మనకి తెలీకుండా తాగతన్నాడే మీ నాన్న."

హిందీలో సీసా అంటే సీసమని నాకు తెలుసు. బడిలో చదివిందంతా హిందీయే. అయినా అమ్మ నోట వినేసరికి నా చెవికీ అది మందు సీసాయే అయింది.

మూడు నెలలు అమ్మా నేనూ పుట్టిల్లంతా వెతికాం. బీరువా వెనక, స్కూటర్ డిక్కీలో, ఆఖరికి వల చుట్టలో కూడా. "ఒట్టే, ముట్టనేదే" అన్నాడు నాన్న. తాగేవాళ్లందరూ ఆ మాటే అంటారని మొహం మీదే అనేశాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. పరువు పోతుందని అమ్మ డాక్టరిచ్చిన కాగితాన్ని ఎవరి కంటా పడకుండా దాచేసింది. చేతిలో పనుంటే సీసా జోలికి పోడని, గుండ్లు పొయ్యమని తనే పోరేది. ఆయన చెయ్యి నిలవకపోతే గరిటె తనే పట్టుకునేది.

నొప్పి తగ్గలేదు. ఈసారి నేనే సెలవు పెట్టి ఇద్దరినీ తీసుకెళ్లాను. పాత కాగితం అడిగితే అమ్మ సిగ్గుపడుతూ పర్సులోంచి తీసింది. ఇంగ్లీషులో ఉంది. రక్తంలో లెడ్, మోతాదు మించి. "సీసా బంద్ కర్నే కో కహా థా న?" సీసం ఆపమన్నాను కదా అని డాక్టరు విసుక్కున్నాడు.

నాన్న "అచ్ఛా" అని బయటికొచ్చి కూర్చున్నాడు. తాగుబోతువి కాదని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను? అమ్మకు మాత్రం, హిందీ సీసా అంటే మన సీసమేననీ, గుండ్లు పోసేటప్పుడు దాని పొగే ఒంట్లోకి పోయిందనీ తెలుగులో విడమరిచి చెప్పాను.

"అయితే తాగనేదన్నమాట" అంది. ఆయన వాలిపోయిన చేతిని ఒళ్లోకి తీసుకుని నన్నడిగింది. "మరి ఆ గరిటె పట్టుకున్నది నానే కదే?"